పళ్ళు లేని తాబేలు

జూన్ 29, ఆదివారం

పాలు ఇక ఒక ప్యాకెట్ చాలని చెప్పాను. ఆయన పోయాక కూడా ఇన్నాళ్ళూ రెండు వేయించుకుంటూనే ఉన్నాను.

ఆయన ఫోను పొద్దున్నుంచి మోగుతోంది. బ్యాంకు పని తేలేవరకు ఆ నంబరు ఉండాలని ఛార్జింగ్ పెడుతున్నాను. ఇవాళ తెరిచాను. ఆట గ్రూపు. సాయంత్రాలన్నీ ఆడేవారు కదా, ఆ వింత జంతువుల ఆట — పట్టడం, మేపడం, పోట్లాడించడం.

"అన్నా, ఈ ఆదివారమన్నా లిస్టు పెడతావా లేదా?" — అహోబిలానికి జీపు నడిపే ఓబులేసు.

"అన్న అలిగినాడప్పా." — అవుకులో బట్టలు కుట్టే పద్మ.

ఆటలోనే పరిచయం. ఒకరినొకరు చూసుకున్నది లేదు. వీళ్ళకు ఎవరు చెప్తారు... నేనే చెప్పాలి.

"పెడతా" అని కొట్టాను.

జూలై 1

పాత లిస్టులు చూశాను. ఏ జంతువు గట్టిది, ఏది కాదు — వారం వారం ఆయన తేల్చి చెప్పడం, వీళ్ళు దాని ప్రకారం మేపుకోవడం. ఆటలో ఏ, బీ, సీ అని ఉంటాయి. ఆయన మాత్రం బండలాగుడు పోటీల్లో ఎద్దులకు చూసినట్టు పళ్ళ లెక్క పెట్టారు. లేతవి పాలపళ్ళు. తర్వాత రెండు పళ్ళు, నాలుగు, ఆరు. ఆపైన సీనియర్లు. ఇంగ్లీషు పేర్లు ఎవరూ వాడరు. రాతిదున్న, ఉరుముడేగ, నిప్పుపిల్లి.

జూలై 3

ఆయన ఫోనులోనే ఆట తెరిచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి జంతువునూ అదే గుహలోకి, అదే శత్రువు మీదికి పంపడం. బండ ఎంత దూరం కదిలిందో టేపుతో కొలిచినట్టు, ఎంత దెబ్బ కొట్టిందో రాసుకోవడం. మూడేసిసార్లు. సరాసరి తీయడం.

రాతిదున్న పేరుకే. మొదట దూకుడు, తర్వాత నిలబడిపోతుంది. ఉరుముడేగ నయం.

వంట చేయలేదు. పెరుగన్నం.

జూలై 6, ఆదివారం

లిస్టు పెట్టాను. సీనియర్లలో ఉరుముడేగ మొదట. రాతిదున్న ఆరు పళ్ళలోకి దిగింది. బురదతాబేలు పాలపళ్ళలో, అందులోనూ చివర. కొట్టలేదు, కదల్లేదు. కొలతకు అదే వచ్చింది.

జూలై 7

గ్రూపంతా తాబేలు గురించే.

"ఏందన్నా, తాబేలును తీసకపోయి పాలపళ్ళలో పడేసినావు? నీ మాట ఇని జీపు ఎనక దాని బొమ్మ ఏపిచ్చినా. ఇప్పుడు తుడిపేయల్నా?" — ఓబులేసు.

"అన్నకు ఎండ తగిలింది. వదిన మజ్జిగ పోయలేదేమో." — పద్మ.

పాత లిస్టులు మళ్ళీ తీశాను. అన్నిట్లో పైన తాబేలు బొమ్మ. సీనియర్ల కంటే పైన, ఒంటరిగా. నేను అలంకారానికి పెట్టారనుకున్నాను.

జూలై 9

ఆయన రాసింది తక్కువ. మాట్లాడి పంపేవారు. ఇవాళ ఒకటి విన్నాను.

"ఒరే ఓబులేసూ, తాబేలుకు పళ్ళే ఉండవు గదరా. ఏ వరసలో నిలబెడతావు దాన్ని? పైన కూచోనీ. ఓడిపోతాది, సరే. మళ్ళా లేచొస్తాది సూడు, దానికి సిగ్గుండదు..."

వెనక నుంచి నా గొంతు. "అన్నం సల్లగయితాంది, రాండి."

కింద పద్మ రాసింది — "పో అన్నా, వదిన పిలుస్తాంది."

ఇంకొకటి విన్నాను. అందులోనూ అదే పిలుపు. ఆ తర్వాతి దాంట్లోనూ.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. గ్యాసు బుక్ చేశాను.

జూలై 10

తాబేలును సరిచేయలేదు. కొలత కొలతే.

జూలై 12

ఆళ్ళగడ్డ. మరిది ఇంట్లో మాసికం. రెండోది.

విస్తళ్ళు తీస్తుంటే తోడికోడలు రమణమ్మ — "అక్కా, బావ ఫోను ఇంగా మోగుతాంది ఏంది? తీసేయరాదా."

"బ్యాంకు పని ఉంది" అన్నాను. ఆ పని పోయిన వారమే అయిపోయింది.

తిరుగు బస్సు కోసం నాలుగు రోడ్ల దగ్గర నిలబడ్డాను. ముందు ఒక జీపు. వెనక తాబేలు బొమ్మ. బురద రంగు, ఒక కన్ను పెద్దది. డ్రైవరు ముప్పై దాటని మనిషి.

"అహోబిలమా అమ్మా? ఎక్కు, ఒక్క సీటుండాది."

"ఈ ఏడు గుడికి పోకూడదప్పా."

"అయ్యో. ఎవరు పోయినారు?"

"మా ఇంటాయన."

"యా ఊరు మీది?"

"నంద్యాల."

"మా అన్నది గూడా నంద్యాలే" అన్నాడు. ఇంకేదో అడగబోయాడు. లోపలి నుంచి ఎవరో "తొందరగా పోనీప్పా, ఎండకు సస్తాండాం" అన్నారు. పోనిచ్చాడు. మలుపు దాకా తాబేలు కనిపించింది.

చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా.

జూలై 13, ఆదివారం

లిస్టు. తాబేలు పైన, ఒక్కటే. మిగతావన్నీ కొలత ప్రకారం. దాని పక్కన అంకె వేయలేదు.

"వచ్చినాడప్పా మా అన్న." — పద్మ.

ఓబులేసు సాయంత్రం రాశాడు — "అన్నా, నీ గొంతిని శానా దినాలాయ. ఒక్క వాయిస్ పెట్టు. ఊరికే, బాగుండావని."

జూలై 14

పెట్టలేదు. బియ్యం ఏరాను. డబ్బాలు కడిగి ఎండకు పెట్టాను.

మళ్ళీ అడిగాడు. "పనిలో ఉన్నా" అని కొట్టాను.

"రాసేకి తీరికుండాది, మాట్లాడేకి లేదా అన్నా?"

జూలై 15

ఏం చెప్పాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాను. రెండు వాక్యాలు. మైకు గుర్తు మీద వేలు పెట్టాను. కాగితం దగ్గరికి జరుపుకున్నాను. గొంతు సవరించుకున్నాను. పొయ్యి మీద కుక్కర్ కూత వేసింది. ఉలిక్కిపడి వేలు తీశాను — అంతవరకూ రికార్డయింది గ్రూపుకు వెళ్ళిపోయింది.

అందులో ఆయన గొంతు లేదు. అన్నానికి పిలిచే మాటా లేదు. నేను గొంతు సవరించుకున్న చప్పుడు, కూత, అంతే.

పద్మ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది.

కాసేపటికి ఓబులేసు. ఒక్క మాట.

"వదినా?"

కుక్కర్ దించాను. అన్నం వార్చాల్సిన పని లేదు. బల్ల మీద ఫోను వెలుగు ఆరిపోతోంది. ఆరిపోకుండా ఒకసారి ముట్టుకున్నాను...