సిమెంటు మేస్త్రి

ప్రియమైన బావా,

అక్కా నువ్వూ కులాసాయే కదా? బాగుచేసి అమ్ముదామని కొన్నానన్నానే, ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు షెడ్డుకి చేరింది. నాకంటే పదేళ్లు పెద్దది. ఫొటోలో ఎర్రగా మెరిసిపోయింది గానీ, తలుపు తియ్యగానే ముక్కు మూసుకున్నాను. సీటు కింద ఎలుకల సంసారం, తల ఆనించే చోట ఎవరిదో ఏళ్లనాటి జిడ్డు. సరే, అవి కడిగితే పోతాయి. పక్క సీటు తలుపు కింద అయస్కాంతం పెడితే జారి పడింది. గీకి చూస్తే అక్కడ రేకే లేదు బావా! అరచెయ్యి మందాన పుట్టీ, దాని వెనక కుక్కిన పసుపు పూల గుడ్డ, తుప్పు, కంపు. ఛీ! వీడు కార్ల సొట్టలు తీసే డెంటరా, గోడలు కట్టేవాడా? వాడికి సిమెంటు మేస్త్రి అని పేరు పెట్టాను.

"గోరు మందం దాటితే అది పుట్టీ కాదురా, మోసం" అని వేళ్ల మీద కొట్టి నాకీ పని నేర్పినవాడివి. మొత్తం విప్పమంటావా?

నీ బావమరిది,
బుడ్డోడు

ఒరేయ్ బుడ్డోడా,

పాత కార్లన్నీ అంతే. విప్పుకుంటూ పోతే చివరికి స్టీరింగు ఒక్కటే మిగులుతుంది. పైన నున్నగా పూసి, రంగు కొట్టి, ఎవరికైనా అంటగట్టెయ్. ఆ పూల గుడ్డ పారెయ్. వచ్చే వారం మీ అక్క నీ దగ్గరికొస్తోంది, ఈ చెత్త గొడవలు దాని చెవిన వెయ్యకు. నాకు నడుం బాగాలేదు, నేను రాను.

ఉంటాను,
బావ

బావా,

'ప్రియమైన' అని రాయబుద్ధి కాలేదు. ఏమీ అనుకోకు. అనుకున్నా సరే.

నీ మాట విని పూసేశాను. నా చెయ్యి చూస్తే నాకే అసహ్యమేసింది. ఆదివారం అక్కని పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరి చుట్టూ రెండు రౌండ్లు తిప్పాను. చిన్నపిల్లలా నవ్వింది. షెడ్డుకొచ్చి జాకీ ఎత్తానో లేదో, ఆ సీటు అడుగు రేకుతో సహా ఊడి కింద పడింది. పది నిమిషాల ముందు అందులో మా అక్క ఉంది.

అంటగట్టమన్నావే, కొన్నవాడికి మాత్రం అక్క ఉండదా? ఆ మేస్త్రి పనికంటే నీ ఉత్తరమే ఎక్కువ కంపు కొడుతోంది.

నువ్వు పారెయ్యమన్న గుడ్డ షెడ్డులోనే ఉండిపోయింది. అక్క చూసి, "ఇది నాకివ్వరా" అని తీసుకెళ్లి ఉతికి ఆరేసింది. ఎందుకో ఎంత అడిగినా చెప్పలేదు.

బుడ్డోడు

ఒరేయ్ నాన్నా,

అక్క చెప్పనిది నేను చెబుతాను. అది మా వంటింటి కిటికీ తెర. పెళ్లయిన కొత్తలో తనే కుట్టింది. కనబడక వారం రోజులు వెతికింది. గాలికి ఎగిరిపోయి ఉంటుందన్నాను.

ఆ రోజుల్లో ఈ కారే మా పెరటి షెడ్డుకొచ్చింది. కొత్త రేకు వెయ్యాల్సి ఉంది, రెండు వారాల పని. అప్పటి ఓనరు సాయంత్రానికల్లా కావాలన్నాడు. కుదరదని నోరు తెరిచి అనలేకపోయాను. చేతికందిన తెర కుక్కి పుట్టీ మెత్తాను. అతుకే కనబడలేదని అంతా మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా మురిసిపోయాను. ఆ తర్వాత ఏడాదే నువ్వు పనిలో చేరావు. నీ వేళ్ల మీద పడిన ప్రతి దెబ్బా నా చేతి మీద పడాల్సింది.

నీ మొదటి ఉత్తరంలో పూల గుడ్డ అనగానే పోల్చుకున్నాను. పరువు పోతుందని అలా రాశాను. నా పరువు కాపాడుకోబోయి మీ అక్కని ఆ సీటు మీద కూర్చోబెట్టాను.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. నడుం బాగానే ఉంది. కొత్త రేకు, వెల్డింగు మిషను సిద్ధం చెయ్యి. పుట్టీ డబ్బా నా కంటికి కనబడనివ్వకు. పనంతా అయ్యాక అయస్కాంతం మీ అక్క చేతికివ్వు. అది రేకుకి అతుక్కున్నాకే నన్ను బావా అని పిలువు.

అప్పటిదాకా నీ
సిమెంటు మేస్త్రి