పడవెక్కిన తల్లి

మే 16, 2009
బులకాన్

అమ్మా,

దీవెన కోసం నీ చెయ్యి తీసుకుని నా నుదుటికి ఆనించుకున్నాననుకో. హాంకాంగులో నువ్వూ, నువ్వు చూసుకునే ఆ ఇంటి పిల్లలూ బాగున్నారనుకుంటా. ఫోన్లో నాకు మాట పెగలదు కదా, అందుకే టైపు చేస్తున్నా. తప్పులుంటే నవ్వకు.

నిన్న పండక్కి తాత రాసిన నాటకం ఊళ్లోవాళ్లు ఆడారు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయినప్పట్నుంచి తాత మాట నాకొక్కడికే అర్థమవుతుంది. మనవాళ్లా, ఎవరూ మాటలు బట్టీ పట్టరు. తెర వెనక నుంచి తాత ఏది అందిస్తే అదే పలుకుతారు. అందుకని ఈసారి తాత నా చెవిలో చెప్పాడు, నేను పైకి అరిచాను. నేనే! ఈ మూగోడికి గొంతుందని ఇన్నాళ్లూ దాచారేంట్రా అని తురింగ్ మామ ఒకటే ఎగతాళి.

తాత సంగతి నీకు తెలిసిందే. ఆ రోజుల్లో మనీలాలో ముప్పై సినిమాలు రాశాడు. రాసిన ప్రతిసారీ స్టూడియో యజమాని పిలిచి, జనాన్ని ఏడిపించి పంపితే మళ్లీ టికెట్టు కొంటారేంటయ్యా అని చివర మార్పించేవాడట. ఇప్పుడా రీళ్లూ లేవు, కుళ్లిపోయాయి. తాత తన ఇష్టప్రకారం ముగించింది ఈ నాటకం ఒక్కటే. తల్లి పడవెక్కి పోతుంది, తిరిగి రాదు. అందులో ఒక్క ముక్క కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

నిన్న మాత్రం తల్లి తిరిగొచ్చింది. తల్లి వేషం వేసిన ఇసియాంగత్త అప్పటికే పక్కకొచ్చి జడ విప్పేస్తోంది. తెర వెనక నుంచి తల్లి పలకాల్సిన మాట వినపడేసరికి ఒంటి చెప్పుతో స్టేజీ మీదికి పరిగెత్తింది. వచ్చేశాను నాన్నా, ఇంక వెళ్లను అంది. ఒకటే చప్పట్లు. ముసలాడు ఇన్నాళ్లకి మెత్తబడ్డాడు అని ఊరంతా మెచ్చుకుంటున్నారు.

తాత రాత్రి అన్నం ముట్టలేదు.

నీ కొడుకు,
జోమర్

తా.క. అమ్మా, వచ్చేశాను అన్న ఆ మాట తాత చెప్పలేదు. నాటకంలో ఒడ్డున నిలబడ్డ కొడుకు చివర్లో, పడవ కనపడట్లేదు అనాలి. తాత నా చెవిలో అదే చెప్పాడు. మళ్లీ చెప్పాడు. నా నోట్లోంచి వేరేది వచ్చేసింది. ఆపమని ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుని లాగాడు. అరవబోయాడు, గాలే వచ్చింది. నువ్వెప్పుడొస్తావని నేను అడగట్లేదు. పొద్దున దీవెన కోసం వెళ్తే, తాత ఆ ఎడమచేతిని దుప్పటి కిందకి లాగేసుకున్నాడు.