పరీక్ష పొద్దున నాచు చారు

మామయ్యకు,

మీరు సియోల్ నుంచి పంపిన జిగురు మిఠాయి అందింది. పరీక్ష పొద్దున అది తింటే కాలేజీలో సీటు అతుక్కుంటుందన్నారు, రేపు తింటాను. మీ రెండో మాట మాత్రం వినను.

మీ స్నేహితుడైన ప్రొఫెసర్ గారు తన పరిశోధన వ్యాసంలో నా పేరు కూడా చేరుస్తారని, అది చూపిస్తే పరీక్ష మార్కులతో పనిలేకుండా సీటొస్తుందని రాశారు. ఆయన ప్రయోగశాల గుమ్మమైనా నేను తొక్కలేదు. ఈ జేజు దీవిలో అలాంటి మామయ్య లేని పిల్లలు మా క్లాసు నిండా ఉన్నారు. రేపు వాళ్ల మొహం ఎలా చూడను?

ఈ పరీక్ష మాత్రం న్యాయమైనదా అంటే, కాదు. మీ సియోల్ పిల్లలకు సాయంత్రమైతే కోచింగులు, మాకు బడిలో ఉన్న ఒక్క లెక్కల మాస్టారు. అయినా ప్రశ్నపత్రం నన్ను "ఎవరమ్మాయివి?" అని అడగదు. నాకది చాలు.

అన్నట్టు, రేపే నా పుట్టినరోజు కూడా. పుట్టినరోజున సముద్రపు నాచు చారు తాగడం మన ఆనవాయితీ, కానీ నాచు జారుడు కదా, పరీక్ష రోజున తాగితే పరీక్షలో జారిపోతామని అందరికీ భయం. అమ్మ కూడా "ఈ ఒక్క ఏడాదికి వద్దులేవే" అంది.

"ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి తెచ్చి అమ్మిన నాచుతోనే కదమ్మా నన్ను చదివించావు? రేపు అదే నన్ను పడేస్తుందా?" అన్నాను.

అమ్మ లేచి వెళ్లి నాచు నానబెట్టింది.

ఈ ఉత్తరం చేరేసరికి పరీక్ష అయిపోతుంది. మార్కులు తక్కువొస్తే చారు వల్లేనని మీరు చెప్పుకోండి. ఆ వ్యాసంలో మాత్రం నా పేరు లేదని నేను తలెత్తుకుని చెప్పుకుంటాను.

మీ మేనకోడలు