పెరటి బండలకు అంచు

ఏమండీ,

సాయంత్రం పెరట్లో బండలకి కొత్తగా కట్టిన సిమెంటు అంచుకి నీళ్లు కొట్టండి, ఎండిపోనివ్వకండి. స్కూటర్ మాత్రం ఇవాళ దానిమీదికి ఎక్కించకండి. అందంగా ఉంటుందని మీరు ఎత్తు అంచే కావాలని పట్టుబట్టారు. నేనే మేస్త్రీకి చెప్పి బండలకి సమంగా పెట్టించాను. అలిగితే అలగండి.

కిందపడ్డప్పటి నుంచి గడప దాటని మామయ్యగారు పొద్దున కర్ర పట్టుకుని పెరటి ఆ చివరిదాకా వెళ్లొచ్చారు. కాలికి ఏదీ అడ్డం తగల్లేదు. వచ్చి కూర్చుని, "మూల బండ వంకరగా ఉంది. ఎవడమ్మా ఆ తలమాసిన మేస్త్రీ?" అన్నారు. రోజూ ఎవర్నో ఒకర్ని తిట్టే మనిషి, పడ్డాక ఇన్నాళ్లూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మరిచాను. మేస్త్రీ వస్తే ఆ మూల బండ జోలికి వెళ్లనివ్వకండి. మామయ్యగారికి రేపు కూడా తిట్టడానికి ఏదో ఒకటి ఉండాలి.