నీ కఫాన్ని ఎవరూ చూడలేదు

అక్కా,

నువ్వు చనిపోయి నేటికి రెండేళ్లు. నీలాగే నాకూ ఆస్తమా ముదిరింది. హయత్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ ఉప్పునీటి ఆవిరి పట్టించి, నేను దగ్గి తీసిన కఫాన్ని పరీక్షకు పంపింది. ఊపిరి గొట్టాల్లో ఇన్‌హేలర్‌కు లొంగని వాపు ఉందని అందులో తేలింది. మందు మార్చింది. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను.

ఆ రిపోర్టు పట్టుకుని, ఇబ్రహీంపట్నంలో నీకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లాను.

“మా అక్క కఫం ఒక్కసారన్న టెస్టు చేపిచ్చినవా సారూ?”

“గా టెస్టు మా దగ్గర లేదమ్మా.”

“లేదని చెప్తే హయత్‌నగర్ తీస్కపోతుంటిమి. మందు సరిగ్గ పీలుస్తలేదని తిట్టుడే తెల్సు నీకు!”

ఆయన బెల్లు కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఆయన మాట నమ్మి, ఆయాసపడుతున్న నిన్ను “నాటకాలు చెయ్యకు” అన్నది నేనే. నువ్వుంటే క్షమించేదానివి. నాకది వద్దు.