ఎర్రచుక్క మ్యాగజైన్

టాన్సీ తల్లీ,

ఉడుతల వేటకి చిన్న రైఫిల్ తీసుకెళ్లు. ముందు తూటాల పెట్టె, అదే మ్యాగజైన్ తీసేసి, గొట్టంలో తూటా లేదని కళ్లారా చూసుకో. మ్యాగజైన్ మళ్లీ పెట్టాక, తూటాని గొట్టంలోకి ఎక్కించే బోల్టు చివరిదాకా లాగి వదిలెయ్, చేత్తో తోశావంటే తూటా అడ్డం పడుతుంది. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి గానీ తొమ్మిదే పెట్టు. మ్యాగజైన్ లోపల నూనె చుక్క కూడా వెయ్యకు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

మీ నానమ్మ గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టుకున్న మ్యాగజైన్ మాటిమాటికీ ఇరుక్కునేది కదా. "తూటాలు పెట్టడం చేతకాదు నీకు" అని పోయిన సీజనంతా ఆమెని సాధించాను. "నా వేళ్లకేం రోగం లేదు, ముసలాయనా" అనేది. పొద్దున దాన్ని విప్పాను. నేను పోసిన నూనే మసితో కలిసి జిగురైపోయి ఉంది.

కొండమీద వెర్లీ సమాధి దగ్గరికి వెళ్తున్నాను. ఈ మాట మీ నానమ్మకి చెప్పాలి. మొక్కజొన్న రొట్టె పొయ్యి మీద ఉంది.

తాత

మరిచాను. ఆ ఎర్రచుక్కదాన్ని శుభ్రం చేసి నీ సంచిలో పెట్టాను. పెరట్లో పేల్చి చూస్తే తొమ్మిదీ ఎక్కడా ఆగకుండా పేలాయి. వంటింటి కిటికీలోంచి "చూశావా, ముసలాయనా?" అని ఎవరూ అనలేదు.