రెండు తలల మీద ఒక చెయ్యి

కోమలక్కా,

నువ్వు నందికొండలో కూర్చుని నవ్వినా సరే, నేను సర్పంచికి నిలబడిన మాట నిజమే. ఈ ఆదివారం మన చర్చిలో జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను.

పాస్టర్‌గారు ఎవరి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే మనవాళ్ల ఓట్లు వాళ్లకే కదా. నాకు పోటీగా నిలబడ్డ నాగేందర్‌ని ముందుకు పిలిచి చెయ్యి పెట్టేశారు! ఆయన బొట్టు తుడుచుకుని మరీ వచ్చాడు. అందరూ కళ్లు మూసుకుంటే, తనకెన్ని ఓట్లొస్తాయోనని తలలు లెక్కపెడుతున్నాడు. నేనూ కళ్లు మూసుకోలేదులే.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో ఎవరైనా లేచి మాట్లాడగలిగే సాక్ష్యాల సమయం వచ్చింది, అమ్మ లేచింది.

"అయ్యగారూ, నా బిడ్డ గూడ నిలబడ్డది. దానికి గూడ జర ప్రార్థన జేయుండ్రి."

నోరు తెరిచి ప్రార్థన అడిగితే ఏ పాస్టరు కాదంటాడు? దిగివచ్చి నా తలమీదా చెయ్యి పెట్టారు, పెట్టీ పెట్టనట్టు. ఆడవాళ్ల వైపు నుంచి 'ఆమెన్' మాత్రం రేకులు అదిరేలా వచ్చింది!

బయటికొచ్చాక ఈదమ్మవ్వ అందరినీ ఆపి ఏమందో తెలుసా?

"ఇద్దరి నెత్తిమీద చెయ్యివెట్టిండు గద, ఎవలకేసినా అయ్యగారి మాట దాటినట్టు గాదు. ఇగ మన మనసుకు నచ్చినోళ్లకు ఏసుకుందాం పాండ్రి."

బుధవారమే పోలింగ్. నీ ఓటు ఇక్కడే ఉంది. ఆ రోజు పొద్దున మొదటి బస్సెక్కక్కా.

నీ రాక కోసం చూసే,
చెల్లి